అవ్వకు నేర్పిన ఇంగ్లీషు

పరాయివాళ్ల ముందు గుట్టు మాట్లాడాలంటే తమిళనాడులో ఉండే తంగమ్మాళ్ అవ్వ ఇంట్లో తెలుగే వాడతారు. కానీ మేట్టుపాళయం నుంచి పెళ్లిచూపులకు వస్తున్నవాళ్లూ తెలుగువాళ్లే.

అందుకే మనవరాలు నివేదిత అక్షరాలు పేర్చి పాయింట్లు గెలిచే తన స్క్రాబుల్ ఆటలోంచి అవ్వకు ఒక వింత ఇంగ్లీషు మాట నేర్పింది. “నుడ్నిక్ అంటే విసిగించి చంపేవాడు అవ్వా. నేను ఆ మాటంటే పిల్లోడు వద్దని.”

పెళ్లికొడుకు వచ్చి, వక్కల వ్యాపారం గురించి గంటసేపు చెప్పాడు.

“ఎట్లుండాది కన్నా?” అని అడిగింది అవ్వ.

“నుడ్నిక్.”

అవ్వ లేచి కాఫీ గ్లాసులు తీయబోయింది.

పెళ్లికొడుకు గొంతు సవరించుకున్నాడు. “ఆ మాటకు పదకొండు పాయింట్లే వస్తాయి. నన్ను తిట్టేదానికి ఇంకా పెద్దవి ఉండాయి.”

నివేదిత అవ్వ చెయ్యి పట్టుకుంది. “గ్లాసులు ఉండనీ అవ్వా. ఇంకొంచెం కాఫీ పెట్టు.”