కవలలకు నాలుగు చేతులు

"నువ్వు చూస్తే చాలు, చెయ్యి పెట్టకు," అంది అక్క చేతి తొడుగులు వేసుకుంటూ. ఏళ్ల తరబడి అంబులెన్సులో పనిచేస్తున్న ఆవిడ మాటంటే, నిన్నటిదాకా రబ్బరు బొమ్మకి పురుడు పోసిన ట్రైనీ పిల్లకి హడల్.

ట్రాఫిక్కులో బండి కదలడం లేదు. కడుపులో కవలలున్న తల్లి స్ట్రెచరు కమ్మీ పట్టుకుని, "ఇంక నా వల్ల కాదు!" అని అరిచింది. అరుస్తూనే కనేసింది. మగపిల్లాడు. కానీ ఏడవలేదు.

అక్క వాణ్ణి గుడ్డలోకి తీసుకుని గబగబా వీపు రుద్దసాగింది. అంతలోనే తల్లి, "అమ్మో, రెండోది వచ్చేస్తోంది!" అంది.

"అక్కా, చెయ్యి పెట్టొద్దన్నారుగా..."

"పెట్టవే తల్లీ! నాకున్నవి రెండే!"

ట్రైనీ చేతులు చాచింది. వెచ్చగా, జారిపోతూ, గిలగిలలాడుతూ ఆడపిల్ల వచ్చి పడింది. పడీపడగానే కెవ్వుమంది. ఆ గోలకి ఉడుక్కున్నట్టు అన్నగారూ రాగం అందుకున్నాడు.

"ఇద్దరూ ఏడుస్తున్నారు!" అంటూ ట్రైనీ సంబరంగా లేవబోయి, తల పైకప్పుకి కొట్టుకుంది.

"ఎవరమ్మా? ఎవరు పుట్టారు?" అని ముందు సీట్లోంచి డ్రైవరు ఒకటే కేకలు.

అప్పుడు గమనించింది ట్రైనీ. అక్క చేతులు తన చేతులకంటే ఎక్కువ వణుకుతున్నాయి.

"అక్కా, మీకూ భయమేసిందా?"

"వెయ్యదూ? కవలలు నాకూ ఇదే మొదటిసారి!" అక్క పకపకా నవ్వింది. "నీ ముందు బింకంగా ఉండలేక చచ్చాననుకో!"

ఆసుపత్రి గుమ్మంలో తలుపు తీసిన నర్సు బిత్తరపోయింది. పిల్లలిద్దరూ గుక్కపెట్టి ఏడుస్తుంటే, ఆడవాళ్లు ముగ్గురూ పడీపడీ నవ్వుతున్నారు.

"నవ్వించకండమ్మా, నొప్పి పుడుతోంది," అంటూనే అందరికంటే గట్టిగా నవ్వుతోంది తల్లి.