తనంతట తాను నిలబడని సైకిల్

సైకిళ్లన్నీ వాటంతట అవే నిలబడి, వాటంతట అవే దారి చూసుకుని వెళ్తున్న రోజులవి. హనుమకొండలో సైకిల్ మీంచి మనిషి పడి ఇరవై ఏళ్లు దాటింది.

స్వరూప పాత సామాన్ల దుకాణంలో తుప్పుపట్టిన ఉక్కు రేసు సైకిల్ కొంది. ఎవరో చేత్తో చేసిన ఫ్రేము అది. అతుకులను ఆకురాయితో పూలరేకుల్లా మలిచారు. మూడు నెలలు ఆమె తుప్పు గీకి, రంగు వేసింది. చువ్వలు బిగించి చక్రాల వంకర తీయడం అత్త కనకవ్వ నేర్పింది. కనకవ్వ చిన్నప్పుడు ఆమె తండ్రికి సైకిల్ షాపు ఉండేది.

పని పూర్తయిన ఉదయం స్వరూప వీధిలో సైకిల్ ఎక్కింది. నాలుగు గజాలు వెళ్లి దబ్బున పడింది.

నిమిషంలో సహాయపు బండి దానంతట అదే వచ్చి ఆగింది. "మిమ్మల్ని ఎవరు తోశారు?" అని అడిగింది.

"ఎవ్వలు తొయ్యలే. నేనే పడ్డ."

బండికి ఆ మాట అర్థంకాక మళ్లీ అదే ప్రశ్న వేసింది.

"దాంతోటి నీకేం ముచ్చట? ఎక్కు బిడ్డా!" అని కనకవ్వ గడపలోంచి కేకేసింది. "చక్రం దిక్కు చూడకు, ముందటికి చూడు. తొక్కుడు ఆపకు!"

ఏడోసారికి స్వరూప వీధి చివరిదాకా పడకుండా వెళ్లింది. సైకిల్‌ను తానే నిలబెడుతున్నానని తెలిసి గట్టిగా నవ్వేసింది.

తిరిగొచ్చేసరికి ఇంటి ముందు పదిమంది గుమిగూడారు. అందరికన్నా ముందు ఎదురింటి బ్యాంకు మేనేజరు భద్రయ్య, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నిలబడ్డాడు.

"అక్కా, జర ఇయ్యవా? నేను గూడ ఒక్కసారి పడి చూస్త."