నక్కకు ఫిరంగి ఎందుకు?

ఇనుప తలుపు దభాలున పడ్డాక గాని తను దూరింది దేనిలోకో డెల్మర్‌కు తెలియలేదు. వెనక గ్రిజ్లీ ఎలుగుబంటి తరుముకొస్తుంటే, కళ్ళకు కనిపించిన పెద్ద ఇనుప గొట్టంలోకి తలదూర్చి దూకాడు. లోపల కొక్కేనికి వేలాడుతున్న కుళ్ళిన జింక తొడ భుజానికి తగిలింది. అది తగలడమూ తలుపు పడటమూ ఒక్కసారే జరిగాయి. అది అటవీశాఖ వాళ్ళు ఎలుగుబంట్లను పట్టడానికి పెట్టిన బోను. చక్రాల బండి మీద బిగించి, కొండవాలులో, వాగు గట్టుకు పైన నిలబెట్టి పోయారు. ఆ తలుపును లోపలినుంచి ఎత్తే వీలు లేదు. ఎలుగుబంటికి ఆ వీలు ఉండకూడదు కదా!

రైఫిలు పరుగులో ఎక్కడో జారిపోయింది. తలుపుకున్న చిల్లుల్లోంచి చూస్తే గడ్డిలో పడి కనిపించింది. ఎలుగుబంటి దాన్ని ఒకసారి వాసన చూసి, దీనితోనా నన్ను కొట్టేది అన్నట్టు వదిలేసి, గొట్టం దగ్గరికొచ్చి భుజంతో ఒక్క తోపు తోసింది. బండి ఊగింది. చక్రం కింద అడ్డు పెట్టిన రాయి కరకరలాడింది.

డెల్మర్ జేబులోంచి వాకీటాకీ తీశాడు.

"కర్టిస్! ఒరేయ్ కర్టిస్! ఎక్కడ చచ్చావురా?"

"ట్రక్కు దగ్గరే. కాఫీ తాగుతున్నా" అన్నాడు బావమరిది తీరిగ్గా. "ఏం బావా, కుందేలు కూత ఆపేశావు? గొర్రెపిల్లల్ని తిన్న కొయోటీ నక్క వచ్చిందా?"

"నక్క కాదురా, గ్రిజ్లీ వచ్చింది!"

"పిలిచింది నువ్వే కదా. దెబ్బ తగిలిన కుందేలులా ఈల ఊదితే విన్నవాళ్ళంతా భోజనానికే వస్తారు. ఇంతకీ ఎక్కడున్నావు?"

"బోనులో."

"ఏ బోనులో?"

"ఎలుగుబంటి బోనులో."

"మరి ఎలుగుబంటి?"

"బయట."

కర్టిస్ తాగుతున్న కాఫీ పొలమారింది. దగ్గూ నవ్వూ కలిసి వాకీటాకీ గరగరలాడింది.

"నవ్వకురా దరిద్రుడా! బండి కదులుతోంది. ఆ రాయి కాస్తా జారిందంటే గొట్టంతో సహా వాగులో పడతాను. నా ఎముకలు కూడా దొరకవు."

"అయ్యయ్యో. మా అక్కకేం చెప్పమంటావు?"

"ముందు నువ్వు రా!"

"వస్తున్నాలే, నడుస్తూనే మాట్లాడుతున్నా. పొద్దున నేనేం చెప్పాను బావా? ఈ మోంటానా కొండల్లో మనం పిలిచినవాడే వస్తాడన్న నమ్మకం లేదు, పెద్ద తుపాకీ పట్టుకో అన్నానా లేదా?"

"అన్నావు."

"నువ్వేమన్నావు?"

డెల్మర్ పళ్ళు నూరాడు. "నక్కకు ఫిరంగి ఎందుకన్నాను."

"ఇంకా?"

"పెద్ద గుండయితే తోలు చిరిగిపోతుంది, సన్న గుండయితే చిల్లు కూడా కనపడదన్నాను."

"ఇప్పుడు ఎవడి తోలు చిరిగేట్టుంది?"

ఎలుగుబంటి రెండు ముందుకాళ్ళూ గొట్టానికి ఆనించి బరువంతా వేసింది. బండి జానెడు దిగజారి ఆగింది. లోపల నిటారుగా కూర్చునే చోటు కూడా లేదు. కుళ్ళిన మాంసం ముక్కుకు తగులుతోంది. అటు తిరిగితే ఇనుము, ఇటు తిరిగితే కంపు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అని పొద్దున ఇంటిల్లిపాది ముందు బావమరిదిని ఎగతాళి చేసిన నోరు ఎండిపోయింది. ఇరవై ఏళ్ళుగా గొర్రెలు కాస్తున్న మనిషి, జీవితంలో ఇంత భయపడలేదు.

"తప్పేరా నాయనా! నీ కాళ్ళు పట్టుకుంటాను. పరిగెత్తుకు రా!"

ఆ మాటకే కాచుకున్నట్టు కొండ దద్దరిల్లింది. పెద్ద తుపాకీ మోతకు ఎలుగుబంటి గొట్టాన్ని వదిలేసి వాగు పొదల్లోకి ఉరికింది. కాసేపటికి చిల్లుల అవతల కర్టిస్ ముఖం ప్రత్యక్షమైంది. చెవుల దాకా నవ్వు.

"చూశావా మహిమ! గాల్లోకి పేలిస్తేనే తోక ముడిచింది."

"చూశాను. తలుపెత్తు."

"ఎత్తుతాను. ముందు ఒక్క మాట. ఇకమీదట వేటకెళితే తుపాకీ ఎంచేదెవరు?"

"నువ్వే."

"వినపడలేదు."

"నువ్వేరా! నేను నోరెత్తితే ఒట్టు!"

"ఇది మా అక్క ముందు కూడా అనాలి."

"మీ అక్క ముందే కాదు, చర్చిలో నిలబడి అంటాను! తలుపెత్తరా బాబూ!"

కర్టిస్ మనసు నిండింది. తలుపు కింద వేళ్ళు జొనిపి, మూలుగుతూ, ముక్కుతూ కొద్దికొద్దిగా పైకెత్తాడు. గొట్టంలోకి ఎండ పడింది, చల్లగాలి తగిలింది. డెల్మర్ మోచేతుల మీద పాకుతూ వెలుగు దాకా వచ్చాడు. ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఆ వెలుగు మాయమైంది. ముందు టోపీ వచ్చింది, దాని వెనక భుజాలు వచ్చాయి, ఆ వెనక బావమరిది మొత్తం వచ్చి మీద పడ్డాడు. తలుపు మళ్ళీ దభాలున పడింది. మరుక్షణం బయటినుంచి ఇనుము మీద గోళ్ళు గీరాయి. బండి ఊగింది.

"కాల్చు!" అని అరిచాడు డెల్మర్, చీకట్లో అతని చొక్కా పట్టుకుని. "చిల్లులోంచి కాల్చరా!"

కర్టిస్ రొప్పుతూ చిల్లులోంచి బయటికి చూశాడు.

"పెద్ద తుపాకీ ఏదిరా?"

"తలుపెత్తడానికి రెండు చేతులూ కావాలి కదా బావా!"