కొంచెం నూనె మిగిలిన సబ్బు

పద్మారాణి సబ్బు చేయడం మొదలుపెట్టింది కూతురి చేతుల కోసం.

సూరత్‌కు కరోనా వచ్చిన ఏడాది అది. రుచిత కోవిడ్ వార్డులో నర్సు. ఒక్కో రోగిని ముట్టుకున్నప్పుడల్లా చేతులు కడగాలి. చిన్నప్పటి నుంచీ బజారు సబ్బు పడని పిల్ల. వేళ్ల సందుల్లో చర్మం చిట్లి నెత్తురు వచ్చేది.

కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలు మురికిని బాగా వదిలిస్తాయనీ, దాంతోపాటే చర్మంలోని జిడ్డునూ లాగేస్తాయనీ రుచితే చెప్పింది. అందుకని పద్మారాణి కాస్టిక్ సోడా కాస్త తగ్గించి, సబ్బులో కొంచెం నూనె మిగిలేలా కలిపేది. ముక్కలు కోసి, ఘాటు పోయేదాకా అటక మీద ఆరబెట్టేది. నురుగు తగ్గినా చేతులు మండేవి కావు.

మరుసటి ఏడాది కరోనా మళ్లీ విరుచుకుపడింది. ఖటోదరా పేటలో పద్మారాణి భర్త నర్సింగం పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడింది. ఒకరోజు ఆస్పత్రి నుంచి ఫోనొస్తే అతనొక్కడే వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, బిడ్డకు డ్యూటీ పెరిగిందనీ, కొన్నాళ్లు హాస్టల్లోనే ఉంటుందనీ, ఫోను కూడా దగ్గర ఉంచుకోనివ్వరనీ భార్యకు చెప్పాడు.

"సబ్బు అయిపోయుంటది. నేనే ఇచ్చొస్త," అంది పద్మారాణి.

గుండె ఆపరేషనైన మనిషివి, వద్దన్నాడు. ఆమె వినలేదు.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ ఆస్పత్రి వెనక గేటు దగ్గరికి వెళ్లేవారు. డ్యూటీలోకి పోయే ముందు ఆ పిల్ల బయటికొచ్చేది. తల నుంచి కాళ్ల దాకా తెల్ల సూటు, మాస్కు, కళ్లద్దాలు. ఎవరెవరో తెలియాలని ఛాతీ మీద పేర్లు రాసుకునేవారు. రుచిత అన్న అక్షరాలు కనబడగానే పద్మారాణి గోడ మీద సబ్బులు పెట్టి, వాచ్‌మన్ చెప్పినంత దూరం వెనక్కి జరిగేది. ఇంటి కబుర్లన్నీ ఆమే చెప్పేది. అవతల నుంచి ఊ కొట్టడమే. గొంతు పట్టేసిందట. నర్సింగం రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడు.

"తింటున్నవా బిడ్డా?"

"తింటున్న అమ్మా."

ఒక ఆదివారం చేతులు చూపించమంది. ఆ పిల్ల కాసేపు తటపటాయించి గ్లవ్స్ తీసింది. కొన్ని పగుళ్లు మానుతున్నాయి. కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పద్మారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

ఇంటికొచ్చీ రాగానే మళ్లీ సబ్బు కలపడానికి కూర్చుంది. నర్సింగం వచ్చి పక్కనే కూలబడ్డాడు. ఇక దాచడం అతని వల్ల కావడం లేదు.

"పద్మా, నీకొక మాట చెప్పాలె," అన్నాడు. చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

పద్మారాణి నూనె గిన్నె పక్కన పెట్టి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"మన రుచిత ఇగ లేదని గేటు కాడ మొదటి దినమే నాకెర్కైంది గని, నువ్వు బతిమాలితే దాని పేరు రాసుకొని వస్తున్న ఆ పిల్లవి గూడ పగిలిన చేతులే కదా, మానేదాంక పోదాం."