ఏడో బోరు

మీటరు మళ్ళీ కూసింది.

ప్యో మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. చూడనక్కర్లేదు. ఏడో బోరే.

కొరియాలో వొంజు ఊరి చివర మూతపడిన పెట్రోలు బంకు అది. రెండేళ్ళుగా ప్యో అక్కడే, రేకు కంటైనర్లో కాపురం. నేలలోకి కారిపోయిన పెట్రోలును ఆవిరిగా పైకి లాగేయడం అతని పని. భూమిలోకి దించిన బోర్లు, వాటికి బిగించిన పైపులు, గాలి పీల్చే మోటారు, ఆ గాలిని వడగట్టే బొగ్గు పీపాలు. ఆ మోటారు రొద అతని కలల్లోకి కూడా వచ్చేది.

మిగతా బోర్లన్నీ ఎప్పుడో శుభ్రపడ్డాయి. ఏడోది మాత్రం మొండికేసింది.

"వసంతంలో వెంట్రుకవాసిలో తప్పింది మేస్త్రీ గారూ," అంది తనిఖీకి వచ్చిన బాంగ్. చిన్న వయసు, పెద్ద బూట్లు. "ఇప్పుడేమో అంతకు రెట్టింపు చూపిస్తోంది. తగ్గాల్సింది పెరగడమేమిటి?"

"నన్నడిగితే? ఆ భూమినే అడగమ్మా."

"ఎవరైనా కావాలని పెట్రోలు పోస్తున్నారేమో?"

"గేటు తాళం నా జేబులోనే ఉంటుంది. నన్ను దాటి పిల్లి కూడా లోపలికి రాదు."

బాంగ్ చూపు కంటైనరు మెట్ల దగ్గర ఆగింది. బుట్ట నిండా ఖాళీ సోజు సీసాలు.

"ఇంత తాగి పడుకుంటే పిల్లేం ఖర్మ, ఏనుగొచ్చినా తెలీదు."

"నేను మానేసి పదేళ్ళయింది. చుక్క ముట్టొద్దన్నాడు డాక్టరు."

"అవునవును. మా నాన్న కూడా అమ్మకి ఇదే చెప్తాడు." ఆమె నవ్వింది. "కాస్త దూరంగా నిలబడండి బాబూ. ఈ మీటరుకి పెట్రోలుకీ సారాకీ తేడా తెలీదు. ఏ ఆవిరి తగిలినా అరుస్తుంది."

నవ్వే ఓపిక ప్యోకు లేదు. "పోనీ, మట్టి పరీక్ష చేయించకూడదా?"

"గాలి పాసైతేనే మట్టి తీసేది. పద్ధతి అది. శీతాకాలంలో మళ్ళీ వస్తాను."

శీతాకాలం.

ఆమె కారు వెళ్ళిపోయాక ప్యో మెట్ల మీద కూలబడి ఇంటికి ఫోన్ చేశాడు. భార్య మాల్సున్ మోకాలి ఆపరేషన్ ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఆపరేషనయ్యాక మంచం మీంచి లేపి కూర్చోబెట్టే మనిషి కావాలి. ఈ బంకు పని ముగిస్తేనే ఆ మనిషి ఇంటికి వెళ్ళేది.

"ఏమైందండీ?"

"తప్పింది."



"పర్లేదు లెండి. నిన్న కుర్చీ కూడా పట్టుకోకుండా నిలబడి వంట చేశాను."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"నేను చెప్పింది చేస్తున్నారా?" అడిగిందామె.

"వసంతం నుంచీ రోజూ పొద్దున్నే చేస్తున్నా. ఇవాళ ఆ పిల్ల రాకముందే చేశాను."

"ఏదో మొక్కుబడిగా కాదు కదా?"

"కాదే. మనసు పెట్టే చేస్తున్నా."

"అయితే చాలడం లేదేమో. ఇంకాస్త గట్టిగా చెయ్యండి."

ప్యో లేచాడు. నడుము పట్టేసింది. మెల్లగా రోడ్డు దాటి నూడుల్స్ కొట్టులోకి వెళ్ళాడు.

"పిన్నీ, సోజు. రెండు సీసాలివ్వు. బాగా ఘాటైనది."

కొట్టు పిన్ని నడుం మీద చెయ్యేసుకుంది. "పొద్దున తీసుకెళ్ళింది అప్పుడే అయిపోయిందా? మానేశానని ఊరంతా చాటుకుంటావు. మరెవరు తాగుతున్నారయ్యా నీ దగ్గర, దయ్యాలా?"

ప్యో సీసాలు చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చాడు. గేటుకు తాళం వేశాడు. మోటారు రొద ఒక్కటే వినిపిస్తోంది.

టోపీ తీసి పక్కన పెట్టి, ఏడో బోరు మూత విప్పి, దాని ముందు మోకరిల్లి, "భూమి దొరా, ఈ ఒక్క బోరూ శుభ్రం చేసి నన్ను ఇంటికి పంపు స్వామీ," అంటూ, రోజూ పొద్దున్నే పోసే ఒక్క సీసా చాలదని ఇప్పుడు ఇంకో రెండు సీసాల సోజూ చివరి చుక్కదాకా అందులో పోశాడు.