దొర పట్టిన కొవ్వొత్తి

మురహరిరావు దొరకు ఉన్నట్టుండి భక్తి పుట్టుకొచ్చింది. అదీ తన దేవుడి మీద కాదు, కిరస్తానీ వాడ దేవుడి మీద.

పుట్టదా మరి! ఊరికున్న దారులన్నీ సంఘం వాళ్లు కాపు కాస్తున్నారు. గుతప కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్లు నిన్నటిదాకా తనకు వెట్టి చేసినవాళ్లే. దొరికితే బతకనివ్వరు. వాగు దాటితే చాలు, నర్మెట్ట తోవలో నైజాం పోలీసుల లారీ ఉంది. ఆ వాగు దాకా పోవడమే గండం.

ఉపాయం చెప్పినవాడు యోసేపు. వాడలోని గుడికి ఉపదేశి. ఫాదర్ లేనప్పుడు ప్రార్థనలు చెప్పిస్తాడు. దొర ఉండే గడిలో కట్టెలు కొట్టేదీ అతనే.

"ఇయ్యాల మా పండుగ. పొద్దుగూకంగ మా పునీతుని ఏలి బొక్క పెట్టెల పెట్టి, కొవ్వొత్తులతోని వాగు దాకా ఊరేగిస్తం, దొరా. మొక్కున్నోళ్లు మొకం కప్పుకొని నడుస్తరు. ఆళ్లను ఎవ్వలు ఆపరు."

"సంఘపోళ్లు సుత ఆపరా?"

"దేవుని పని గద, దొరా."

దొర మురిసిపోయాడు. పండుగని సెలవడిగితే ఏ పండుగో కూడా వినకుండా తన్ని తరిమిన ఆ కాళ్లకు ఆ సాయంత్రం చెప్పులు లేవు. నెత్తి నుంచి గడ్డం దాకా తెల్లదుప్పటి. చేతిలో కొవ్వొత్తి. ముందు నడిచేవాళ్ల మడమలు తప్ప ఏమీ కనపడవు.

తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. మొక్కున్నవాళ్లు గడప గడపకూ మోకాళ్ల మీద వంగాలట. అతని పొలంలో నాట్లేసే చంద్రమ్మ పక్కనే నడుస్తోంది. ఏ మొహమాటమూ లేకుండా మెడ మీద చెయ్యేసి వంచింది.

"జర మంచిగ వంగు. నడుమేమన్న అరిగిపోతదా?"

దొర వంగాడు. నోరు మెదిపితే గొంతు గుర్తుపడతారు. ప్రాణం తీపి, మరేం చేస్తాడు పాపం! తనకు వెట్టి చేసిన హన్మంతు గుడిసె ముందు వంగాడు. కట్టమ్మ వాకిట్లో పేడనీళ్లలో వంగాడు. మైనం కారి చెయ్యి కాలితే పళ్లు బిగబట్టాడు. పూలు కప్పిన చెక్కపెట్టెను ఎవరో నెత్తికెత్తితే అదీ మోశాడు. మెడ కలుక్కుమంది. ఒక్క వేలెముకకు ఇంత బరువేమిటో అతనికి అర్థం కాలేదు.

"ఇయ్యాల మొక్కులోడు మస్తు గట్టిగున్నడు," అన్నారెవరో. వెనక కిసుక్కుమన్నారు.

నవ్వండి, లారీతో తిరిగొచ్చాక ఒక్కొక్కరి తోలు వలుస్తానని దొర దుప్పటిలోనే పండ్లు కొరికాడు.

ఊరేగింపు ఆగింది. నీళ్ల చప్పుడు వినిపించలేదు. దొర పెట్టె దింపి దుప్పటి తీసి చూశాడు. మూత జారిన పెట్టెలో ఉన్నవి బండరాళ్లు.

వాగు లేదు. ఎదురుగా ఉన్నది తన గడే. దాని ముందు ఊరంతా కూర్చుని ఉంది. గడి అరుగు మీద, తుపాకులతో సంఘం దళం.

దొర యోసేపు మీద విరుచుకుపడ్డాడు. "పండుగ పూట గింత మోసమారా? మీ దేవుడు ఊకుంటడా?"

చంద్రమ్మ తన కొవ్వొత్తి ఊదేసింది.

"మా పండుగ వచ్చే నెల, దొరా."