తొలి అభిమాని

బాగ్‌బేరా రైల్వే కాలనీ మొదట్లో కట్టిన ఫ్లెక్సీ చూసి నీలకంఠం స్కూటర్ ఆపేశాడు. పైన సినిమా నటుడు శేషగిరి నవ్వుతున్నాడు. కింద, అంతే వెడల్పున, పక్క క్వార్టర్ అప్పలరాజు నవ్వుతున్నాడు. ‘టాటానగర్ శేషగిరి అభిమాన సంఘం. అధ్యక్షులు: అప్పలరాజు’ అని ఎర్రక్షరాలు.

వెనక కూర్చున్న కూతురు నవ్య ముచ్చటపడి ఫొటో తీసింది.

“పాపా, ఆప్ ఖుష్ నహీఁ హో?” అంది హిందీలో, తండ్రి మొహంలో సంతోషం కనబడక.

“ఖుషీయేనే,” అన్నాడు నీలకంఠం. కడుపులో మాత్రం భగ్గుమంది.

మండదూ మరి? పెళ్లికూతురి మేనమామగానో, బ్యాంకు గేటు దగ్గర కాపలావాడిగానో తెర మీద రెండు నిమిషాలు కనబడి పోయే శేషగిరిని ఈ ఊళ్లో మొట్టమొదట గుర్తుపట్టింది నీలకంఠం. ఎవరెవర్నో పట్టుకుని నంబరు సంపాదించి, పండగ పండక్కీ ఫోన్ చేసి పలకరించేదీ నీలకంఠమే. అప్పట్లో ఆ పేరెత్తితే ఇదే అప్పలరాజు “ఎవుడు బావా ఆడు?” అని నవ్వేవాడు. ఈ ఏడాది మాటరాని తండ్రి వేషం వేసి శేషగిరి ఊరూవాడా ఏడిపించేసరికి కథ మారిపోయింది. సినిమా అవార్డుల్లో ఉత్తమ సహాయ నటుడి నామినేషన్ ఖాయమని అందరూ అంటున్నారు. కాలనీ మొత్తానికి శేషగిరి చుట్టమైపోయాడు.

ఆ ఆదివారం పొద్దున్న నామినేషన్లు ప్రకటిస్తుంటే చూడ్డానికి జనమంతా అప్పలరాజు ఇంట్లో చేరారు. ముందు వరస కుర్చీలు తెలుగు సంఘం పెద్దలకి వేశారు. నీలకంఠానికి గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర ప్లాస్టిక్ స్టూలు దొరికింది. టీవీ పక్కనే పెద్ద లడ్డూల పెట్టె. అప్పలరాజు కొత్త చొక్కా వేసుకుని, శేషగిరి ఏ సీన్లో కన్ను ఎలా తడిచేశాడో అందరికీ వివరిస్తున్నాడు. అవన్నీ నీలకంఠం అతనికి చెప్పిన మాటలే.

మధ్యలో గుర్తొచ్చినట్టు ఇటు తిరిగాడు.

“నీకు కూడా శేషగిరంటే ఇష్టమే కదేటి బావా?”

ఆ ‘కూడా’ నీలకంఠం గుండెలో ముల్లులా దిగింది. తల ఊపాడు. అప్పుడే మొదటిసారి అనిపించింది, ఈ నామినేషన్ రాకపోతే బాగుణ్నని. ఛ, ఇదేం బుద్ధి అనుకుని టీవీ వైపు చూశాడు. కానీ ఆ కోరిక పోలేదు. వస్తే రేపు ఊరేగింపు అంటారు. ఎల్లుండి శేషగిరిని పిలిపించి సన్మానమంటారు. దండ వేసేది అప్పలరాజు. పక్కన నిలబడి ఫొటో దిగేది అప్పలరాజు. తను ఈ స్టూలు మీదే ఉంటాడు.

సహాయ నటుల వంతు వచ్చింది. ఒక్కో పేరూ చదువుతుంటే నీలకంఠం కళ్లు మూసుకున్నాడు. వద్దు స్వామీ, వద్దు అని లోపల జపం మొదలెట్టాడు. ఆఖరి పేరు అయిపోయింది. శేషగిరి లేడు.

అప్పలరాజు కాసేపు టీవీ వైపే చూసి, తువ్వాలు మొహాన కప్పుకుని వెనకగదిలోకి వెళ్లిపోయాడు. ఏం నటన, ఇతనికివ్వాలి అవార్డు అనుకున్నాడు నీలకంఠం. జనం గొణుక్కుంటూ చెప్పులు వెతుక్కున్నారు. లడ్డూల పెట్టె విప్పినవాడు లేడు.

బయటికొచ్చాక నీలకంఠానికి ఒళ్లు దూదిపింజలా తేలికైంది. రేపటికి ఫ్లెక్సీ దించేస్తారు. సంఘమూ ఉండదు, అధ్యక్షుడూ ఉండడు. శేషగిరి మళ్లీ తన ఒక్కడివాడు.

మధ్యాహ్నం కోడికూర మారు అడిగి వేయించుకున్నాడు. భార్య సూర్యకాంతం గరిటె పట్టుకుని అతన్నే చూసింది.

“మీ శేషగిరికి రాలేదంట కదా. బాధగా లేదేటి?”

“బాధే,” అన్నాడు నీలకంఠం. “ఆ మూల ముక్క ఇటెయ్యి.”

భోజనమయ్యాక ఫోన్ పట్టుకుని డాబా మీదికెక్కాడు. ఇలాంటప్పుడు ఆయనకి ధైర్యం చెప్పాల్సింది ఎవరు? పేరు లేని రోజుల్నించీ వెంట ఉన్నవాడే కదా. ఏం చెప్పాలో మెట్లెక్కుతూనే కూర్చుకున్నాడు. మనసు పాడుచేసుకోకండి సార్, మీ విలువ తెలిసినవాళ్లం మేమున్నాం అనాలి. కొంచెం గొంతు వణికితే ఇంకా బాగుంటుంది.

రింగవుతుంటే యార్డులో గూడ్సు బండి కూత వినిపించింది. అవతల ఫోన్ తీశారు.

“నమస్కారం సార్. నేను నీలకంఠాన్ని, టాటానగర్ నించి. ఎలాగున్నారు సార్?”

శేషగిరి గొంతు, పసిపిల్లవాడికి నచ్చజెబుతున్నంత మెల్లగా వినిపించింది.

“మీ గొంతులో హుషారు చూస్తే మీకింకా కబురు అందినట్టు లేదు నీలకంఠంగారూ. బాధపడనంటే చెబుతాను... నాకు నామినేషన్ రాలేదండీ.”